పిలుపు సుంకము

పూర్వము ఒక రైతు వాగు కావల నున్న ఊరిలో కాపురముచేయు తన కుమార్తెకు బియ్యపు బస్తా పంపదలచినచో, ఆ బస్తా రెండు బండ్లు ఎక్కవలసియుండెను. ఈవలి ఊరి బండివాడు దానిని వాగు ఒడ్డువరకు తెచ్చును. ఆవలి ఊరి బండివాడు దానిని అందుకొని కుమార్తె వాకిటికి చేర్చును. రైతు కూలి ఇచ్చినది మొదటి బండివానికే. మరి రెండవవాని కూలి ఎవరు చెల్లింపవలెను? రైతు మరల ఈయవలెనా? బియ్యము పుచ్చుకొనిన కుమార్తె ఈయవలెనా? మొదటి బండివాడు తనకు ముట్టిన సొమ్ములో పాలు పంచవలెనా? లేక, “నేడు నీ సరకు నేను మోసెదను, రేపు నా సరకు నీవు మోయుము” అని ఇద్దరును లెక్కలు మానుకొనవలెనా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. కాని ఇదే ప్రశ్న టెలిఫోను విషయమున పుట్టి, మన దేశములో పార్లమెంటును, న్యాయస్థానములను, గొప్ప గొప్ప కంపెనీలను అనేక సంవత్సరములు కలవరపెట్టినది.

ఒకని గొంతు మరియొకని చెవికి చేరుటయు ఇట్టి ప్రయాణమే. ఒక కంపెనీ చందాదారుడు వేరొక కంపెనీ చందాదారుని సెల్‌ఫోనులో పిలిచినప్పుడు, ఆ మాట మొదట పిలిచినవాని కంపెనీ టవరునకు, అచ్చటినుండి దాని ఎక్స్ఛేంజికి పోవును. రెండు కంపెనీల మార్గములు కలియు కూడలి యొకటి ఉండును. ఆ కూడలి దాటిన పిదప మాటను మోయు భారము రెండవ కంపెనీది. దాని ఎక్స్ఛేంజి, దాని టవరు, దాని విద్యుత్తు ఉపయోగపడినగాని ఆవలి చందాదారుని ఫోను మ్రోగదు. ఐనను ధర వసూలు చేయునది మొదటి కంపెనీయే. కావున మొదటి కంపెనీ రెండవదానికి నిమిషమునకు ఇంత అని చెల్లించు పద్ధతి ఏర్పడినది. దీనిని పిలుపు ముగింపు రుసుము అనవచ్చును. ఇది కొన్ని పైసలకు మించదు. కాని కోట్లకొలది మనుష్యులు దినమునకు కోట్లకొలది నిమిషములు మాటలాడుకొను దేశములో ఆ పైసలే ఏటేట వేల కోట్ల రూపాయలగును. ఒక కంపెనీకి ఆదాయమైనది మరియొక కంపెనీకి వ్యయము. కలహమునకు మూలమిదియే.

కంపెనీలు తమలో తాము బేరమాడుకొని ఈ రుసుమును నిర్ణయించుకొనరాదా యని తోచవచ్చును. కాని ఇందొక చిక్కు కలదు. కూరగాయల అంగడిలో ఒకడు ఎక్కువ ధర చెప్పినచో కొనువాడు ప్రక్క అంగడికి పోవును. పిలుపు విషయమున ప్రక్క అంగడి లేదు. పిలువబడినవాడు ఏ కంపెనీ చందాదారుడో, ఆ కంపెనీ ద్వారమున మాత్రమే అతని యొద్దకు పోవలెను. ద్వారపాలకుడు ఎంత అడిగిన అంత ఈయవలసినదే. అంతకంటెను పెద్ద చిక్కు మరియొకటి. క్రొత్తగా పెట్టిన కంపెనీకి చందాదారులు కొద్దిమంది. వారు పిలుచువారిలో పెక్కుమంది పాత కంపెనీల చందాదారులే. పాత కంపెనీ తన ద్వారము మూసినచో క్రొత్త కంపెనీ ఫోను ఎవరికిని పనికిరాని వస్తువగును. కావున ఇరుపక్షములకును చెందని ఒక మధ్యవర్తి కావలసివచ్చెను. ఆ మధ్యవర్తికి ఎంత అధికారముండవలెనన్నదే రాజకీయ వివాదమైనది.

పూర్వకాలమున ఈ ప్రశ్నయే లేదు. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఎక్స్ఛేంజీలు తెరువబడెను. 1885లో వచ్చిన తంతి శాసనము తంతి మార్గములపై సర్వాధికారమును ప్రభుత్వమునకే ఇచ్చెను. స్వాతంత్ర్యానంతరమును టెలిఫోను ప్రభుత్వశాఖ చేతిలోనే ఉండెను. దూరపు ఊరితో మాటలాడదలచినవారు ట్రంకు కాలు బుక్కు చేసి గంటలకొలది వేచియుండెడివారు. 1960లో కాన్పూరు, లక్నో నగరముల మధ్య మొదటిసారిగా చందాదారుడే నేరుగా అంకెలు త్రిప్పి దూరపు ఊరిని పిలుచు ఏర్పాటు జరిగినది. ఎస్.టి.డి. అని జనులు ఎరిగిన పద్ధతి ఇదియే. పిలుపు ఏ ఊరినుండి ఏ ఊరికి పోయినను బండి ఒక్కరిదే గనుక కూలి పంపకముల ప్రసక్తి లేదు.

ఐనను ఆ ఏకకుటుంబములో సైతము లోలోపల ఒక సర్దుబాటు జరుగుచుండెను. దూరపు పిలుపులకు ధర మిక్కుటముగా ఉండెను. అందు మిగిలిన సొమ్ముతో ఇంటి టెలిఫోను అద్దెను, స్థానికపు పిలుపుల ధరను తగ్గించి ఉంచిరి. పల్లెటూళ్లలో నష్టమునకు నడచు ఎక్స్ఛేంజీలను కూడ ఆ సొమ్ముతోనే పోషించిరి. ఒక జేబులోని పైకము మరియొక జేబులో వేసికొనునట్టి ఏర్పాటది. జేబులు రెండును ఒక్కనివే యైనంతవరకు ఎవరును లెక్క అడుగలేదు.

1994లో ప్రభుత్వము క్రొత్త టెలికాం విధానమును ప్రకటించి ప్రైవేటు కంపెనీలకు త్రోవ తీసినది. 1995 జూలై 31న పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోనున మాటలాడెను. మన దేశమున అదియే తొలి సెల్‌ఫోను పిలుపు. ఆనాటినుండి బండ్లు పెక్కైనవి. కాని ప్రభుత్వ టెలికాంశాఖ తానే ఒక ఆటగాడై, తానే నియమములు వ్రాయుచు, తానే తీర్పరియై ఉండెను. పోటీ ఆటలో ఇట్లుండుట న్యాయముకాదని ప్రైవేటు కంపెనీలు మొరపెట్టినవి. అందువలన 1997లో పార్లమెంటు చేసిన శాసనము ప్రకారము టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ ఏర్పడెను. దీనినే జనులు ట్రాయ్ అని పిలుచుచున్నారు. న్యాయమూర్తి ఎస్.ఎస్. సోధి దీనికి తొలి అధ్యక్షుడు.

ట్రాయ్ మొదట చేపట్టిన పెద్ద పని పై జేబుల లెక్కను సరిచేయుట. 1999లో అది దూరపు పిలుపుల ధరను తగ్గించి, అద్దెను పెంచుచు క్రొత్త ధరల ఉత్తరువు నిచ్చెను. ఇది ఆర్థికముగా సబబైన పనియే. ఏలయన, పోటీ వచ్చిన పిదప ప్రైవేటు కంపెనీలు లాభము మెండుగానున్న దూరపు పిలుపులనే ఎంచుకొని, నష్టపు పల్లె ఎక్స్ఛేంజీలను ప్రభుత్వశాఖ నెత్తిన వదలుట నిశ్చయము. కాని ఎస్.టి.డి. తరచుగా వాడువారు వర్తకులు, సంపన్నులు. అద్దె కట్టువారిలో సామాన్య గృహస్థులు ఎక్కువ. ధనికునకు తగ్గించి సామాన్యునకు పెంచుట ఎట్టి న్యాయమని ఆ ఉత్తరువుపై తీవ్రమైన వ్యతిరేకత వచ్చెను. లెక్కకు సరియైన మార్పు సైతము జనుల బ్రతుకులో భారముగా తోచవచ్చునని ఆనాడే తెలియవచ్చెను.

అదే సంవత్సరమున రెండవ వివాదము పుట్టెను. అప్పటి సెల్‌ఫోనులలో పిలిచినవాడే గాక, పిలుపు నందుకొనినవాడు కూడ నిమిషముల చొప్పున ధర చెల్లింపవలసియుండెను. ఇతరులు పిలిచినప్పుడెల్ల తన సొమ్ము కరగుచుండగా, స్వల్ప ఆదాయముగలవాడు సెల్‌ఫోను కొనునా? చేత ఫోను గలవారును మ్రోగిన పిలుపును త్రుంచివేసి, ప్రక్కనున్న టెలిఫోను బూతునుండి మాటలాడెడివారు. కావున పిలిచినవాడే పూర్తిగా చెల్లించు పద్ధతిని ట్రాయ్ 1999లో నిర్దేశించినది. దీనివలన ఇంటి టెలిఫోనునుండి సెల్‌ఫోనునకు చేయు పిలుపు ప్రియమగును. అందులోని భాగము సెల్‌ఫోను కంపెనీలకు పోవును. ఢిల్లీ, బొంబాయి నగరములలో టెలిఫోనులు నడపు ప్రభుత్వసంస్థ మహానగర్ టెలిఫోన్ నిగమ్ దీనిని ఎదిరించి ఢిల్లీ హైకోర్టుకెక్కెను. ఇదివరకే కుదిరిన లైసెన్సుల షరతులను మార్చు అధికారము శాసనములో ట్రాయ్‌కి లేదని 2000 జనవరిలో హైకోర్టు తీర్పు చెప్పి, ఆ నిబంధనను కొట్టివేసెను.

మధ్యవర్తి యున్నాడు గాని, అతని మాటకు బలము లేదని తేలినది. ఆ నెలలోనే ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి పాత సభ్యుల పదవులను ముగించి, ట్రాయ్‌ను మరల నిర్మించెను. పిదప పార్లమెంటు ఆ మార్పులను శాసనముగా ఆమోదించెను. దాని ప్రకారము తగవులు తీర్చు పని ఒక ప్రత్యేక ట్రిబ్యునలునకు పోయినది. లైసెన్సుల విషయమున ట్రాయ్ సలహా మాత్రమే ఈయగలదు. కాని కంపెనీల మార్గములు ఏ షరతులపై కలియవలెనో నిర్ణయించు అధికారము, పాత లైసెన్సులలో ఏమి వ్రాసియున్నను, దానికి స్పష్టముగా దక్కినది. కొందరు దీనిని మధ్యవర్తి రెక్కలు కత్తిరించుట యనిరి. మరికొందరు అస్పష్టముగానున్న అధికారమును స్పష్టపరచుట యనిరి. రెండు మాటలలోను కొంత సత్యము కలదు. ఆ సంవత్సరమే అక్టోబరు 1న ప్రభుత్వ టెలిఫోను వ్యాపారమును శాఖనుండి విడదీసి బి.ఎస్.ఎన్.ఎల్. అను సంస్థగా చేసిరి. ఆటగాడును తీర్పరియు వేరైరి.

ఈ క్రొత్త బలముతో ట్రాయ్ పాత కోరికను నెరవేర్చెను. 2003 మే 1నుండి సెల్‌ఫోనునకు వచ్చు పిలుపులు ఉచితమైనవి. పిలిచినవాని కంపెనీ రెండవ కంపెనీకి ముగింపు రుసుము చెల్లించు పద్ధతి అమలులోనికి వచ్చెను. 2004 ఫిబ్రవరినుండి ఆ రుసుము నిమిషమునకు 30 పైసలు. దీని ఫలము అనతికాలముననే కనబడెను. కూలివాడు, తోపుడుబండివాడు, తాపీమేస్త్రి ఫోను కొనజొచ్చిరి. వారు పిలుచుట అరుదైనను, పని యున్నదని పిలుచువారి మాట వినుటకు ఫోను చాలును. వారు వినుచున్నంతసేపు వారి కంపెనీకి ముగింపు రుసుము వచ్చుచుండెను. కావున వినువాడు కూడ కంపెనీకి విలువగల చందాదారుడే అయ్యెను. పిలువలేనివానికి ఆవలివాడు చెల్లించిన పైసలే ఆధారమైనవి.

ఈ రుసుముతో పాటు మరియొక సుంకము కూడ ఉండెను. పల్లెలలో తక్కువ అద్దెకు తీగ టెలిఫోనులు నడపుటవలన ముఖ్యముగా బి.ఎస్.ఎన్.ఎల్. నష్టపోవుచుండెను. ఆ లోటు పూరించుటకు ఇతర కంపెనీలు పిలుపులపై కొంత సొమ్ము చెల్లింపవలెనని నిర్ణయించిరి. పాతకాలపు రెండు జేబుల సర్దుబాటు ఇప్పుడు బాహాటమైన పద్దుగా మారినదన్నమాట. పల్లెకు టెలిఫోను ఉండవలెనన్న సదుద్దేశము అందున్నది. కాని ఆ సుంకము విదేశముల పిలుపులపై అధికముగాను, స్వదేశపు పిలుపులపై తక్కువగాను ఉండుటచే అక్రమములు బయలుదేరినవి. విదేశమునుండి వచ్చిన పిలుపును దొంగదారిన దించి, స్థానికపు పిలుపువలె వేషము మార్చి పంపువారు ఏర్పడిరి. ఒకే వస్తువునకు రెండు సుంకములున్నచోట దొంగరవాణా తప్పదు. పోటీ కంపెనీలు సైతము ప్రత్యర్థిని పోషించుటకు తామేల చెల్లింపవలెనని ప్రశ్నించినవి. క్రమముగా తగ్గుచు వచ్చిన ఆ సుంకము 2008లో అంతరించెను. పల్లెల సహాయమునకు 2002నుండియే వేరొక నిధి కలదు. అన్ని కంపెనీల ఆదాయములోనుండి కొంత భాగము దానికి చేరుచున్నది.

ముగింపు రుసుము 2009లో 20 పైసలకును, 2015లో 14 పైసలకును దిగినది. ఇంతలో 2016 సెప్టెంబరులో రిలయన్స్ జియో రంగములోనికి వచ్చి, మాటలాడుటకు ధరయే లేదని ప్రకటించెను. దానితో పాత కలహము నూతనోత్సాహముతో రేగినది. తమ పిలుపులు పోవుటకు చాలినన్ని కూడలి మార్గములను పాత కంపెనీలు ఈయకున్నవని, అందువలన కోట్లకొలది పిలుపులు విఫలమగుచున్నవని క్రొత్త కంపెనీ ఆరోపించెను. ఉచిత మను పేరున వరదవలె పిలుపులను తమపై వదలుచున్నారని పాత కంపెనీలు బదులు చెప్పినవి. ట్రాయ్ విచారించి, మూడు పాత కంపెనీలపై కలిపి 3,050 కోట్ల రూపాయల జరిమానా విధింపవలసినదిగా ప్రభుత్వమునకు సిఫారసు చేసెను. ద్వారపాలకుని శక్తి ఎంతటిదో ఈ తగవు లోకమునకు చూపినది.

2017లో ట్రాయ్ ముగింపు రుసుమును 14 పైసలనుండి 6 పైసలకు తగ్గించి, 2020 జనవరి 1నుండి అసలే లేకుండ చేసెదమని ప్రకటించినది. పాత కంపెనీల వాదమిది: “పిలుపు నందుకొనుటకు మాకు వ్యయమగుచున్నది. ముఖ్యముగా పల్లెలలో మా చందాదారులు పిలుచుట తక్కువ, వినుట ఎక్కువ. ఈ రుసుము తీసివేసినచో అట్టి చోట టవరు నిలుపుట ఎట్లు?” క్రొత్త కంపెనీ వాదమిది: “ఇప్పటి యంత్రసాధనములలో మాటను మోయు ఖర్చు మిక్కిలి స్వల్పము. పాత యంత్రములను మార్చుకొననివారికి క్రొత్తవారు కప్పమేల కట్టవలెను?” ట్రాయ్ మాత్రము, లెక్క కట్టిచూడగా ఒక నిమిషము పిలుపును చేర్చుటకగు వ్యయము ఆరు పైసలేయని తేల్చెను. ఎవరి చందాదారులనుండి వసూలైనది వారే ఉంచుకొనుట మేలనియు, అట్లైన పిలుపుల ధరలు తగ్గుననియు తలంచెను. వాగుకిరువైపులనున్న బండివారు లెక్కలు మానుకొను పద్ధతియే ఇది.

ఆ గడువు దగ్గరపడుచుండగా 2019లో ఒక వింత యుద్ధము జరిగెను. ఫోను ఎంతసేపు మ్రోగవలెనన్నది ఆ యుద్ధము. పిలిచిన కంపెనీ మ్రోతను త్వరగా ఆపినచో, ఆవలివాడు ఫోను ఎత్తులోపలనే పిలుపు తప్పిపోవును. అతడు మిస్డ్ కాలు చూచి తిరిగి పిలుచును. ఇప్పుడు పిలుపు దిశ మారినది. చెల్లింపవలసిన కంపెనీ పుచ్చుకొను కంపెనీ యగును! ఈ ఉపాయముతో మ్రోతకాలమును కుదించుచున్నారని కంపెనీలు ఒకరినొకరు నిందించుకొనిరి. మ్రోగు సమయము ఇరువది, ఇరువదియైదు క్షణములకు పడిపోయెను. వంటయింటినుండి వచ్చులోపల, కఱ్ఱ ఊతతో వృద్ధుడు లేచులోపల ఫోను ఆగిపోవుచుండెను. ఆరు పైసల లెక్క సామాన్యుని యింటి గంటను కూడ కుదించెను. తుదకు 2019 నవంబరు 1న ట్రాయ్, ఎవరును ఎత్తనిచో సెల్‌ఫోను 30 క్షణములు, తీగ టెలిఫోను 60 క్షణములు మ్రోగితీరవలెనని శాసించెను.

ఆ అక్టోబరులోనే జియో, ఇతర కంపెనీలకు చేయు పిలుపులపై తన చందాదారులనుండి నిమిషమునకు ఆరు పైసలు వసూలు చేయ మొదలిడెను. ఇన్నాళ్లు కంపెనీల పద్దులలో దాగియున్న రుసుము చందాదారుని కంటబడినది. కంపెనీల మధ్య రాకపోకల పిలుపులు ఇంకను సమతూకముగా లేవను కారణమున ట్రాయ్ గడువును ఒక ఏడు పొడిగించెను. 2021 జనవరి 1న స్వదేశములో సెల్‌ఫోను పిలుపుల ముగింపు రుసుము సున్న అయ్యెను. విదేశములనుండి వచ్చు పిలుపులకు మాత్రము నిమిషమునకు 35 మొదలు 65 పైసలవరకు పుచ్చుకొనవచ్చునని 2020లోనే నిర్ణయించియుండిరి. బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు వెళ్లిన తెలుగువారు ఇంటికి చేసిన సాధారణ టెలిఫోను పిలుపులపైనను ఈ సుంకము కలదు.

రుసుము సున్న యైనంతమాత్రమున ఖర్చు సున్న కాలేదు. టవరునకు విద్యుత్తు కావలెను, పనివారికి జీతము కావలెను. ఆ సొమ్ము ఇప్పుడు నిమిషముల లెక్కనుగాక, నెలసరి రీచార్జి రూపమున చందాదారునినుండి వచ్చుచున్నది. తీవ్రమైన పోటీలో పెక్కు కంపెనీలు మూతబడి, పెద్ద ప్రైవేటు కంపెనీలు మూడే మిగిలినవి. 2018 తుదినుండియే, పిలుపులు వినుటకు సైతము నెలనెల కనీసపు రీచార్జి చేయవలెనను నియమమును కంపెనీలు తెచ్చినవి. వినువానిని పోషించిన పైసలు తరగుచుండగా, వినువాడు తానే చెల్లింపవలసివచ్చెను. ఇంటర్నెట్టు వాడని ముసలివారును దానితో కలిపిన రీచార్జినే కొనవలసివచ్చుచున్నదని ఫిర్యాదులు వచ్చెను. అంతట 2024 డిసెంబరులో, మాటలకును సందేశములకును మాత్రమే పరిమితమైన రీచార్జి నొక్కటియైనను ప్రతి కంపెనీయు ఉంచవలెనని ట్రాయ్ ఆదేశించినది. 1885నాటి తంతి శాసనము స్థానమున పార్లమెంటు 2023లో క్రొత్త టెలికాం శాసనమును చేసినది.

ఈ కథలో ఎవరును పూర్తిగా దుష్టులు కారు, ఎవరును పూర్తిగా ధర్మమూర్తులు కారు. ప్రతి కంపెనీయు తనకు లాభమైనదానినే న్యాయమని వాదించెను. క్రొత్తవాడుగా ద్వారము తెరువుమన్నవాడు పెద్దవాడైన పిదప అదే మాట అనునని నమ్మకము లేదు. అందుచేతనే స్వతంత్రుడైన మధ్యవర్తియు, అతనికి బలమిచ్చు శాసనమును, ఆ శాసనమును పరీక్షించు న్యాయస్థానమును కావలసియున్నవి. ఇక ఏ రుసుము పెట్టినను, ఏ రుసుము తీసినను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ మార్పువలన భారము ఎవరి భుజమునుండి ఎవరి భుజమునకు మారినది? బండివారిద్దరును ఎట్లు సరిపెట్టుకొనినను, వాగు కావలనున్న కుమార్తె వాకిటికి బియ్యపు బస్తా చేరవలెను. పిలుపు అందుకొనుటకు మాత్రమే స్తోమత గలవాని ఫోను కూడ మ్రోగవలెను.